పాత క్యాంపర్ వ్యాన్‌లో కుటుంబ యాత్ర: ముందు బండి, తర్వాతే దారి

లోపలే పడుకుని, వండుకుని ప్రయాణించగల క్యాంపర్ వ్యాన్‌లో కుటుంబంతో యాత్రకు సిద్ధమయ్యేవారు సాధారణంగా చూడవలసిన ప్రదేశాలను ముందు ఎంచుకుని, తర్వాత దూరాలు లెక్కవేసుకుని, ప్రయాణం రేపనగా బండిని మెకానిక్‌కు చూపిస్తారు. కొత్త బండి విషయంలో ఇది చెల్లుతుందేమో గాని, ఇరవై ముప్పై ఏళ్లు తిరిగిన వ్యాన్ విషయంలో ఈ క్రమాన్ని తలకిందులు చేయాలి. ఆ బండి ఎందరిని క్షేమంగా కూర్చోబెట్టుకోగలదో, ఎంత బరువు మోయగలదో, ఎంత ఎత్తు ఎక్కి దిగగలదో తేలిన తర్వాతే దారిని నిర్ణయించుకోవాలి. ఇలా చేసిన కుటుంబానికి పాత వ్యాన్ ఎంతో చక్కని తోడు అవుతుంది. దాని మరమ్మతు సులభం, లోపలి అమరిక సాదాగా ఉంటుంది, పిల్లలకు అందులోని ప్రతి మూల త్వరగా సొంతమవుతుంది.

పడకలు ఎన్ని, సీట్లు ఎన్ని

నలుగురు పడుకోగల వ్యాన్‌లో నలుగురు ప్రయాణించవచ్చని చాలామంది అనుకుంటారు. ఈ రెండు లెక్కలకూ సంబంధం లేదు. పాత వ్యాన్లలో వెనుక బెంచీకి నడుము మీదుగా వెళ్లే బెల్టు మాత్రమే ఉండటం, కొన్నిటిలో అసలు బెల్టే లేకపోవడం, మరికొన్నిటిలో బెంచీ పక్కకు తిరిగి ఉండటం మామూలు. పక్కకు తిరిగి ఉన్న సీటులో కూర్చున్న మనిషిని ప్రమాద సమయంలో బెల్టు సరైన దిశలో పట్టి ఉంచలేదు; కనుక బండి కదులుతున్నంతసేపూ ఆ బెంచీని సామాను కోసమే వాడాలి, పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ అక్కడ కూర్చోబెట్టకూడదు.

చిన్నపిల్లల సీటు ఉన్నవారు దానిని ముందుగానే వ్యాన్‌లోకి తీసుకువెళ్లి బిగించి చూడాలి. పిల్లల సీటును నేరుగా బండికి తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు పాత బండ్లలో సాధారణంగా ఉండవు కాబట్టి బెల్టుతోనే బిగించవలసి వస్తుంది. బెల్టు పొడవు చాలుతోందా, సీటు వెనుక భాగం బెంచీకి ఆనుకుంటోందా, బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపితే సీటు రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదులుతోందా అన్నవి చూడాలి. ఆ సీటును నడుము బెల్టుతో వాడవచ్చో లేదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వాడకూడదని ఉంటే మూడు చోట్ల బిగిసే బెల్టు పెట్టించడం తప్ప మరో దారి లేదు. ఆ పనిని బెల్టు బిగింపుల గురించి తెలిసిన నిపుణుడే చేయాలి. బెంచీ కింది చెక్కకు బోల్టు వేసి ఊరుకుంటే అది ఢీకొన్న క్షణంలో ఊడివస్తుంది; ఆ బలాన్ని బండి లోహపు చట్రమే భరించాలి.

పైకి లేచే కప్పు ఉన్న వ్యాన్లలో పై పడక పిల్లలకు మహా ఇష్టం. అయితే దానికి బరువు పరిమితి ఉంటుంది, అంచున వల లేదా అడ్డుపట్టీ ఉండాలి. ఆరేళ్లలోపు పిల్లలను పైన పడుకోబెట్టకపోవడమే మంచిది. కప్పును ఎత్తి పట్టే కడ్డీలు నెమ్మదిగా కిందికి జారుతున్నట్లు కనిపిస్తే, వాటిని మార్చేవరకు పై పడకను వాడకూడదు.

బండిని చదవడం

టైరు గాడుల లోతు చూసి తృప్తి పడేవారు దాని వయసును మరిచిపోతారు. క్యాంపర్ వ్యాన్లు ఏడాదిలో ఎక్కువ కాలం నిలిచే ఉంటాయి కాబట్టి వాటి టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. అక్కడ 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అంకెలు కనబడకపోతే అవి టైరు లోపలి వైపున ఉన్నాయన్నమాట. టార్చి పట్టుకుని బండి కింద నుంచి చూడాలి. అయిదారేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలి, పదేళ్లు నిండిన టైరు ఎంత నిగనిగలాడుతున్నా తీసేయాలి. స్టెప్నీని కూడా ఇదే లెక్కతో చూడాలి, ఎందుకంటే చాలా పాత వ్యాన్లలో అది బండితో పాటు వచ్చినదే అయి ఉంటుంది.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది; నిండు బరువుతో పొడవైన కొండ దిగుతున్నప్పుడు ద్రవం మరిగి బుడగలు పుడితే పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. అందువల్ల రెండేళ్లకొకసారి ద్రవాన్ని మార్పించడం ఖరీదైన అలంకారాలన్నిటి కంటే ముందు చేయవలసిన పని. కూలెంటు గొట్టాలను ఇంజను చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూస్తే, పెళుసుబారిన గొట్టం కిరకిరమంటుంది, ఉబ్బిన గొట్టం మెత్తగా తగులుతుంది, రెంటినీ మార్చాలి. ఫ్యాన్ బెల్టు, టైమింగ్ బెల్టు విషయంలో కిలోమీటర్ల లెక్కతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది.

పెట్రోలు బండ్లలో ఇంధన గొట్టాల మీద ప్రత్యేక శ్రద్ధ అవసరం. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాతకాలపు రబ్బరును త్వరగా చెరుస్తుంది. 1950లో ఉత్పత్తి మొదలైన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వంటి వ్యాన్లలో ఇంజను వెనుక ఉంటుంది కనుక, గొట్టం పగిలి పెట్రోలు వేడి లోహం మీద పడినా ముందున్న డ్రైవరుకు వెంటనే తెలియదు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కొత్త క్లిప్పులు వేయించడం చిన్న ఖర్చు. దానిని వాయిదా వేయడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

కిటికీల అంచులు, కప్పు అతుకులు కారుతున్నాయా అన్నది వాన కోసం ఎదురుచూడకుండానే తెలుసుకోవచ్చు. ఒకరు బయట గొట్టంతో నీళ్లు కింది నుంచి పైకి నెమ్మదిగా పోస్తూ రావాలి, మరొకరు లోపల పొడి కాగితంతో ప్రతి మూలా తడుముతూ ఉండాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా జారి, ఏ అతుకు కారుతోందో తెలియకుండా పోతుంది.

గ్యాస్, పొగ, నిప్పు

వంట గ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైన గ్యాస్ నేల మీద పేరుకుంటుంది కాబట్టి సిలిండర్ గది అడుగున, పొయ్యి కింద నేలలో చిన్న రంధ్రాలు ఏర్పాటు చేస్తారు. చలిగాలి వస్తోందని ఎవరో ఒకరు వాటిని చాపతోనో గుడ్డతోనో మూసి ఉంటారు. పాత వ్యాన్ చేతికి రాగానే ముందుగా వెతకవలసింది ఆ రంధ్రాలనే. గ్యాస్ గొట్టం మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. తేదీ చెరిగిపోయినా, గొట్టాన్ని వంచినప్పుడు పగుళ్లు కనిపించినా కొత్తది వేయాలి. తర్వాత సిలిండర్ తెరిచి, పొయ్యి కట్టేసి, ప్రతి అతుకు దగ్గరా సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. బండి నడుస్తున్నప్పుడు, ఇంధనం పోయించుకునేటప్పుడు సిలిండర్ వాల్వు మూసే ఉండాలి.

చలి ప్రాంతాలకు వెళ్లేవారు సిలిండర్‌లో ఉన్న గ్యాస్ ఏదో కూడా గమనించాలి. బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల వద్దనే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది.

పొయ్యి మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగి గిన్నెల అడుగున మసి పడుతోందంటే గ్యాస్ పూర్తిగా మండటం లేదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతోంది. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. తలనొప్పి, వికారం, మగత దాని గుర్తులు, నిద్రపోతున్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు. అందుచేత కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా వ్యాన్‌లో పడుకోకూడదు. కొనేటప్పుడు విహార వాహనాల కోసం రూపొందిన ఐరోపా ప్రమాణం ఇఎన్ 50291-2 (EN 50291-2) గుర్తు ఉన్నదానిని ఎంచుకోవాలి, దాని మీద ముద్రించిన గడువు తేదీని చూడాలి. వ్యాన్‌ను వెచ్చబెట్టుకోవడానికి వంట పొయ్యిని వెలిగించడం, ఆరిపోతున్న బొగ్గుల కుంపటిని లోపలికి తేవడం ప్రాణాంతకం. ఎర్రదనం పోయిన బొగ్గులు కూడా చాలాసేపు ఆ వాయువును వదులుతూనే ఉంటాయి.

మంటలార్పే సిలిండర్‌ను పొయ్యి పక్కన కాకుండా తలుపు దగ్గర, బయట నిలబడి కూడా అందుకోగల చోట బిగించాలి. పిల్లలకు బయటికి వచ్చే దారిని మాటలతో చెప్పి సరిపెట్టకుండా చేయించి చూడాలి. రాత్రి దీపాలన్నీ ఆర్పి, పడక మీద నుంచి లేచి, పక్కకు జరిగే తలుపు పిడిని చేత్తో వెతికి తెరవమని ప్రతి బిడ్డకూ చెప్పాలి. పాత తలుపులు బిగుసుగా ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడి బలానికి అది తెరుచుకోకపోతే పట్టాలకు గ్రీజు వేయించాలి, లేదా ముందు తలుపు నుంచి బయటపడటం నేర్పాలి.

కరెంటు, నీళ్లు, బరువు

ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ వేరుగా, లోపలి దీపాలకు, ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ ఉండాలి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది, కాబట్టి 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో మనం వాడుకోదగినది 50 మాత్రమే. నడుస్తున్నప్పుడు 4 ఆంపియర్లు తీసుకునే కంప్రెసర్ ఫ్రిజ్ గంటకు ఇరవై నిమిషాలు నడిచినా రోజుకు 32 ఆంపియర్-అవర్లు అవుతుంది. దీపాలు, నీటి పంపు, ఫోన్లు కలిపితే ఒక్క రోజుకే లెక్క తీరిపోతుంది. వాడకమూ చార్జింగూ లేకుండా కొంతసేపు ఉంచిన బ్యాటరీ 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగానికి వచ్చినట్టు. పాత వ్యాన్లలో గ్యాస్‌తోనూ కరెంటుతోనూ పనిచేసే ఫ్రిజ్ ఉంటే, దానిని బ్యాటరీ మీద ఇంజను నడుస్తున్నప్పుడే వాడాలి. బండి వాలుగా నిలిస్తే ఆ రకం ఫ్రిజ్ సరిగా చల్లబడదు.

నీటి ట్యాంకును యాత్రకు ముందు క్లోరిన్ ద్రావణంతో కడిగి రెండు మూడు సార్లు జాడించి నింపాలి. తాగడానికి విడిగా డబ్బాలో నీళ్లు తెచ్చుకోవడమే నా సలహా.

లీటరు నీరు కిలో బరువు. అరవై లీటర్ల ట్యాంకు నిండితే ఒక పెద్ద మనిషి అదనంగా ఎక్కినట్టే. వ్యాన్ మోయగల మొత్తం బరువు దాని మీది లోహపు పలక మీద ఉంటుంది. సామానంతా సర్ది, ఇంధనం నింపి, కుటుంబమంతా ఎక్కి వేబ్రిడ్జి మీద తూకం వేయించి ఆ అంకెతో పోల్చి చూడాలి. అంచనా మీద వదిలేయకూడదు. బరువైనవి కింద, రెండు ఇరుసుల మధ్యలో ఉంచాలి, పై అరల్లో దుప్పట్లు, బట్టలు చాలు. ప్రయాణంలో ఏ వస్తువూ విడిగా ఉండరాదు, వెనుక అరలోని గిన్నె కూడా గట్టిగా బ్రేకు వేసినప్పుడు నేరుగా ముందున్నవారి తల మీదికి వస్తుంది.

దారిలోనూ బసలోనూ

రోజుకు మూడు నాలుగు గంటల ప్రయాణం చాలు. ఒక్కో చోట కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకుంటే పడక వేయడం, తీయడం, సర్దడం అనే శ్రమ సగానికి తగ్గుతుంది. బయలుదేరే ముందు కప్పుతో సహా బండి ఎత్తును కొలిచి, ఆ అంకెను డ్రైవరు కళ్లెదుట అతికించాలి. కొండ దిగేటప్పుడు, అదే వాలు ఎక్కడానికి ఏ గేరు కావాలో ఆ గేరులోనే దిగాలి. వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ కట్టేసి, కిటికీలు దించి, హీటరును పూర్తి వేడి మీద పెట్టాలి. అది ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే ఆపి, రేడియేటర్ పూర్తిగా చల్లారేవరకు మూత జోలికి వెళ్లకూడదు.

బసకు సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే చేరుకోవాలి. ఎండిన కొమ్మల కింద, ఎండిన వాగులో బండి నిలపకూడదు. చక్రాల కింద దిమ్మలు పెట్టి బండిని సమంగా నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టాలి. తర్వాత ఒకరు పిల్లలను చుట్టుపక్కల తిప్పడానికి తీసుకువెళితే, మరొకరు వెలుతురు ఉండగానే పడకలు వేసేయవచ్చు. రాత్రి వాడే బట్టలు, టార్చి, మందులు, నీళ్ల సీసా ఒకే సంచిలో ఉంటే పిల్లలు నిద్రపోయాక అరలన్నీ తెరవనక్కరలేదు. ఎంత చలిగా ఉన్నా ఒక కిటికీని, కప్పు గవాక్షాన్ని కాస్త తెరిచే పడుకోవాలి, లేకపోతే అందరి ఊపిరిలోని తేమ తెల్లవారేసరికి గోడల మీద, పరుపుల అడుగున చేరి బూజుకు దారితీస్తుంది.

తొలి యాత్రను ఇంటికి గంట దూరంలో, ఒక్క రాత్రికే పరిమితం చేసుకోవాలి. ఏ వస్తువు చేతికి అందడం లేదో, ఏ అతుకు కారుతోందో, ఏ బిడ్డకు ఏ చోటు నచ్చుతుందో ఆ రాత్రే తేలుతుంది.

తిరిగి వచ్చిన రోజునే నీటి ట్యాంకును, మురుగు నీటి ట్యాంకును ఖాళీ చేసి, ఫ్రిజ్ తలుపును కొద్దిగా తెరిచి ఉంచి, తడిసిన కప్పు గుడ్డను మళ్లీ విప్పి పూర్తిగా ఆరనివ్వాలి. ప్రయాణంలో వినిపించిన కొత్త శబ్దాలు, కనిపించిన చుక్కలు, బిగుసుకున్న తాళాలు మరుపుకు రాకముందే ఒక కాగితం మీద రాసి, తర్వాతి యాత్ర తేదీ అనుకోకముందే ఆ కాగితాన్ని మెకానిక్ చేతికి ఇవ్వాలి.