వరదకు ముందే సెర్చ్‌లో గండ్లు చూసుకోండి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాల ఇళ్ల వివరాలు వెతికే సెర్చ్ కట్టేవాళ్లు కోడ్‌లో మార్పులన్నీ మొదటి హెచ్చరిక రాకముందే ముగించాలి. పడవలు కదిలాక కోడ్ జోలికి పోవద్దు.

ఆ ఇళ్ల జాబితాలో నెలలు నిండిన గర్భిణులుంటారు, మంచం పట్టిన పెద్దవాళ్లుంటారు, వాళ్ల ఫోన్ నంబర్లుంటాయి. ఏ మండలం వివరాలు ఆ మండలం చూసే కార్యకర్తలకే కనపడాలి. ఆ నియమాలు, ఎవరు ఏం చూడొచ్చో తేల్చే క్యాసిల్ (CASL) లైబ్రరీలో రాసి, వెతికే పని ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌కి అప్పగిస్తే, గండి పడేది ఆ రెంటినీ కలిపే అతుకు దగ్గరే.

ముందు నల్ (null, అంటే "ఏమీ లేదు" అనే విలువ) సంగతి. మనిషికి ఏ అనుమతీ లేకపోతే నియమాలను సెర్చ్ షరతులుగా మార్చే క్యాసిల్ ఫంక్షన్ రూల్స్‌టుక్వెరీ (rulesToQuery) నల్ ఇస్తుంది. షరతు లేని పూర్తి అనుమతి ఉంటే ఖాళీ ఆబ్జెక్ట్ ఇస్తుంది. మీ కోడ్ రెంటినీ ఒకేలా చూసిందా, ఖాళీ బూల్ క్వెరీ (షరతులు కలిపి అడిగే ప్రశ్న) వెళ్తుంది. ఖాళీ బూల్ అంటే ఎలాస్టిక్‌సెర్చ్‌కి అన్ని రికార్డులూ అని అర్థం. నల్ వస్తే సెర్చ్ దాకా పోనివ్వకుండా అక్కడే ఖాళీ ఫలితం తిప్పి పంపండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది బూల్‌లో "వీటిలో ఏదో ఒకటి" అని చెప్పే షుడ్. రెండు మండలాలు చూసే కార్యకర్తకి "ఇది లేదా అది" అనే నియమం షుడ్‌గా మారుతుంది. అదే బూల్‌లో తప్పక సరిపోవాల్సిన మస్ట్ గానీ ఫిల్టర్ గానీ ఉంటే షుడ్ తప్పనిసరి కాదు, స్కోరు పెంచుతుందంతే. సొంత మండలాల ఇళ్లు ముందు వరసలో వస్తాయి కాబట్టి మొదటి పేజీ చూసి అంతా బాగుందనుకుంటాం. పరాయి మండలం ఫోన్ నంబర్లు మూడో పేజీలో ఉంటాయి. అనుమతుల భాగాన్ని విడిగా ఒక బూల్‌లో చుట్టి, మినిమమ్ షుడ్ మ్యాచ్ 1 (కనీసం ఒక షుడ్ సరిపోవాలి) అని రాసి, మొత్తాన్నీ ఫిల్టర్‌లో పెట్టండి.

"గోప్యమైనవి వద్దు" అన్న నియమం మస్ట్ నాట్ (ఉండకూడదు అనే షరతు) అవుతుంది. గోప్యం అనే ఫీల్డే లేని పాత రికార్డులు దాన్ని దాటి వచ్చేస్తాయి. ఎక్కించేటప్పుడే ప్రతి రికార్డులో అవునో కాదో నింపండి.

మండలం పేరుని కీవర్డ్‌గా (ముక్కలు చేయని రకంగా) ఉంచండి. టెక్స్ట్‌గా ఉంచితే "ఐ. పోలవరం" రెండు ముక్కలవుతుంది, అచ్చంగా అదే మాట వెతికే టర్మ్ క్వెరీకి పూర్తి పేరు దొరకదు. పడవ దగ్గర నిలబడ్డ మనిషికి ఖాళీ జాబితా వస్తుంది. అది కూడా ప్రమాదమే.

పోస్ట్ ఫిల్టర్‌లో (లెక్కలయ్యాక ఫలితాల్ని వడకట్టే చోట) అనుమతులు పెట్టొద్దు, అగ్రిగేషన్ లెక్కలకి ("మొత్తం ఎన్ని" లాంటివి) అది వర్తించదు.

చివరగా మూడు ఉత్తుత్తి ఖాతాలు తెరవండి: ఏ అనుమతీ లేనిది, ఒక మండలానిది, రెండు మండలాలది. అవే నియమాలతో డేటాబేస్‌లో ఎన్ని ఇళ్లు వస్తున్నాయో, సెర్చ్‌లో ఎన్ని వస్తున్నాయో పోల్చండి. మూడింటికీ లెక్క సరిపోయేదాకా అసలు జాబితా ఎక్కించకండి.