వేట విరామంలో కేబిన్ కిటికీల పని: తడి చెక్కకు మూత వేయకండి

పోయిన నెలలో కాకినాడ రేవుకు ఒక సోనా బోటును (ఇంజనుతో నడిచే వేట బోటు) ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను పాడవలేదు. కేబిన్‌కు ముందు కిటికీ లేదు, అంతే. అద్దం పగలడం కాదు, చట్రంతో సహా ఊడి లోపలికి వచ్చేసింది. ఒక్క అల కొట్టింది. బోటు నడిపే సరంగుకు నుదుటి మీద, ముంజేతి మీద కుట్లు పడ్డాయి. ఉప్పునీళ్లు వైరింగు మీద, బ్యాటరీల మీద పడి జీపీఎస్, వైర్‌లెస్, లైట్లు అన్నీ పోయాయి. కంగారులో ఆపిన ఇంజను మళ్లీ స్టార్ట్ కాలేదు.

నేను వెళ్లి ఆ కిటికీ ఊడిన చోటు చూశాను. పైన నీలం పెయింటు ఇంకా మెరుస్తోంది. దాని కింద ఫైబర్ (గాజునార, జిగురు కలిపి వేసే) పొర, అదీ గట్టిగానే ఉంది. ఆ రెండిటి వెనక చెక్క ఉండాల్సిన చోట బొటనవేలితో నొక్కితే మొదటి కణుపు దాకా దిగింది. నానబెట్టిన అటుకుల్లా ఉంది. స్క్రూలను స్క్రూడ్రైవర్ లేకుండానే రెండు వేళ్లతో లాగేశాను. నిరుడు వేట నిషేధంలో ఆ కిటికీకి రిపేరు చేయించారట. డబ్బులు కూడా బాగానే అయ్యాయట.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో మళ్లీ బోట్లు ఒడ్డునే ఉంటాయి. అందరూ ఇంజను విప్పుతారు, అడుగు గీకుతారు, పెయింటు వేస్తారు. కేబిన్ కిటికీల పని మాత్రం ఆఖరి వారంలో, చేతిలో మిగిలిన రెండు వేలతో చేస్తారు. లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండర్ల గురించి నేను చెప్పక్కర్లేదు, ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది ఒకటే, తడి చెక్క మీద మూత వేయకండి. పుట్టీ అయినా, ఫైబర్ అయినా, సిలికాన్ అయినా, పెయింటయినా సరే.

ఆ ఒక్క తప్పు

నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎనిమిదేళ్ల కిందట మా బోటు కేబిన్ ఎడమ కిటికీ కింది బద్ద మెత్తబడింది. పైన మెత్తగా ఉన్నంతవరకు ఉలితో గోకేసి, గుంటలో పుట్టీ కూరి, దాని మీద రెండు పొరల ఫైబర్ వేయించాను. అద్దంలా వచ్చింది. దసరా దాటేసరికి కిటికీ కింద లోపలివైపు గోధుమరంగు చారలు మొదలయ్యాయి. ఫైబర్ అంచున కత్తి పెట్టి లేపితే ముందు ఒక గరిటెడు నీళ్లు కారాయి. తర్వాత తడి గోనెసంచి వాసన. కింది బద్దతో ఆగలేదు, నిలువు గుంజలోకి జానెడు పైకి ఎక్కింది. ఒక బద్ద మార్చాల్సిన చోట బద్ద, రెండు గుంజలు, పక్క పలక మార్చాల్సి వచ్చింది.

ఆ పని చేసిన ముసలి మేస్త్రిది తాళ్లరేవు. తెరచాప ఓడలు కట్టిన వడ్రంగుల ఊరు అది. ఆయన ఒకటే మాట అన్నాడు: "కురుపు మీద గుడ్డ కట్టేస్తే మానుద్దా అండీ? ముందు చీము తీయాల."

చెక్కను కుళ్లబెట్టేది బూజు జాతి. దానికి తేమ కావాలి. చెక్క బరువులో తేమ సుమారు 20 శాతం దాటితే పని మొదలుపెడుతుంది, అంతకన్నా ఆరితే ఆగిపోతుంది. ఆగుతుందే గానీ చావదు, మళ్లీ తడి తగిలితే లేస్తుంది. మూత వేయనంతకాలం ఆ చెక్క ఎండకు, గాలికి కొంతైనా ఆరేది. ఫైబర్ వేశాక లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. బయటి నీరు మాత్రం ఏదో ఒక స్క్రూ కన్నంలోంచి వస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది ఒప్పుకోరు. కిటికీలను కుళ్లబెట్టేది సముద్రం కాదు, వాన. ఉప్పు ఈ బూజుకు పడదు. అందుకే ఉప్పునీట్లో నానే అడుగు పలక పాతికేళ్లు ఉంటుంది, పైన కేబిన్ కిటికీ పదేళ్లకే చివికిపోతుంది. అడుగు పలకను తినే పురుగు వేరు, దాని కథ వేరు. రేవులో కట్టేసి ఉన్న రోజుల్లోనే కేబిన్ ఎక్కువ పాడవుతుంది.

ముందు ఊట ఎక్కడో పట్టుకోండి

నీళ్లు కారిన చోటు, నీళ్లు దూరిన చోటు ఒకటి కాదు. కిటికీ కింద తడి కనబడితే కిటికీయే కారుతోందనుకుంటాం. కేబిన్ కప్పు అంచున యాంటెన్నా బిగించిన స్క్రూ నుంచి దూరి, గుంజ వెంట జారి, కిటికీ కింది బద్ద మీద నిలిచిన నీళ్లను నేను రెండు బోట్ల మీద చూశాను.

ఒక మనిషి లోపల టార్చితో కూర్చోవాలి. బయట ఇంకొకరు పైపుతో, ఒత్తిడి లేకుండా, కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు కింది బద్ద మీద పది నిమిషాలు, తర్వాత అద్దం అంచులు, తర్వాత పై బద్ద, ఆఖరున కప్పు అంచు. పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏది కారిందో తెలియదు. లోపల అనుమానం ఉన్నచోట సుద్దపొడి రాయండి, మొదటి చుక్క గీత కనబడుతుంది. ఊట దొరక్కుండా ఉలి ముట్టుకోవద్దు. కొత్త టేకు పెట్టినా అదే నీళ్లు దాన్నీ తింటాయి.

చెక్క ఎంతవరకు పోయిందో కంటికి తెలియదు. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్లండి. మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట సన్న స్క్రూడ్రైవర్ గుచ్చి పక్కకు వంచండి. మంచి చెక్క పొడవాటి ఈనెల్లా లేస్తుంది. చివికినది చిన్న ముక్కలుగా పుటుక్కున విరుగుతుంది. మూలల్లో, బద్దల కొసల్లో తప్పకుండా గుచ్చాలి. చెక్క నీళ్లు తాగేది ఎక్కువగా కోసిన కొస నుంచే.

ఎండబెట్టడం

అద్దం తీసేయండి. పైన బరకం కప్పండి, కానీ పక్కలు వదిలేయండి, గాలి ఆడాలి. చుట్టూ బిగించి కట్టారంటే అదీ ఒక మూతే. మేలో సముద్రపు గాలికి అంగుళం మందం బద్ద ఆరడానికి కూడా మూడు నాలుగు వారాలు పడుతుంది. అందుకే ఈ పని నిషేధం మొదటి రోజున మొదలుపెట్టాలి, ఆఖరి వారంలో కాదు.

ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పొద్దు. పైపొర గంటలో ఆరుతుంది, లోపల నెలంతా తడే. తేమ చూసే మీటరు ఉంటే 15, 16 శాతం చూపించాలి. మన తీరంలో గాలిలోనే తేమ ఉంటుంది, అంతకన్నా దిగదు, అక్కర్లేదు కూడా. మీటరు లేకపోతే పాలిథిన్ కవర్ ముక్కను చెక్క మీద పరిచి నాలుగు అంచులా టేపు వేసి ఒక పగలంతా ఎండలో వదలండి. సాయంత్రానికి కవర్ లోపల చెమట పట్టిందంటే మూత వేయకూడదు. ఇంకో వారం ఆగండి.

గ్యాస్ టార్చితో కాల్చి ఆరబెట్టేవాళ్లున్నారు. పైన బొగ్గవుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. పక్కన డీజిల్ ట్యాంకు సంగతి వేరే చెప్పాలా? 2023 నవంబరులో విశాఖ హార్బర్‌లో ఒక రాత్రి మంటలు లేస్తే పదులకొద్దీ బోట్లు పోయాయి. కారణం ఏదైనా కావచ్చు, పక్కపక్కన కట్టేసిన చెక్క బోట్ల మధ్య నిప్పు ఎంత వేగంగా పాకుతుందో అందరం చూశాం.

కోత, అతుకు

కుళ్లు కనబడినంతవరకే కోయొద్దు. గట్టి చెక్క తగిలాక ఈనె (చెక్క నార పోయే దిశ) వెంట ఇంకో రెండంగుళాలు పోవాలి, బూజు కంటికి కనబడేదానికన్నా ముందే పాకి ఉంటుంది. అతుకు తిన్నగా కాకుండా ఏటవాలుగా కోయండి: అంగుళం మందానికి ఎనిమిదంగుళాల వాలు. పాత చెక్క ఏదైతే కొత్తదీ అదే, ఈనె కూడా అదే వైపుకి. కింది బద్ద పైభాగం బయటికి వాలుగా ఉండాలి, దాని అడుగున బయటి అంచుకు దగ్గరగా ఒక సన్న గాడి తీయండి. నీటిబొట్టు ఆ గాడి దగ్గర తెగి పడిపోతుంది, వెనక్కి గోడలోకి పాకదు. నేను చూసిన పాత పడవల మీద ఈ గాడి ఉండేది. ఇప్పటి కేబిన్లలో ఎవరూ తీయడం లేదు, ఎందుకో అర్థం కాదు.

ఒక మూల గుంజ కోసి, అతికించి, జిగురు గట్టిపడ్డాకే రెండోది ముట్టుకోవాలి. ఈలోగా కప్పుకు లోపలి నుంచి ఊతకర్ర పెట్టండి. కప్పు మీద వలలు, డ్రమ్ములు ఉంటే దించండి.

ఇక మిగతావి, వరసేమీ లేదు, గుర్తొచ్చినట్టు చెబుతున్నాను.

కోసే ముందు బ్యాటరీ తీగలు విప్పండి. కిటికీ పక్కన గుంజ వెనకే వైర్లు పోతుంటాయి.

కోసిన ప్రతి కొసకూ పలచటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) తాగించండి. తాగినంత తాగనివ్వండి, రెండుసార్లు. చెక్క ఆరాకే.

ఫైబర్ పనిలో రెజిన్ (జిగురు) గట్టిపడడానికి కలిపే కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకండి. పేలుతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలవాలి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. రెండు సీసాలు ఒకే సంచిలో కూడా పెట్టొద్దు. కుర్రాడి చేతికి ఈ పని ఇవ్వొద్దు.

క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. పడితే కనీసం పావుగంట మంచినీళ్లతో కడుగుతూనే ఉండండి, ఆ వెంటనే ఆసుపత్రి.

ఎపాక్సీ కొంచెం కొంచెం కలపండి. మే మధ్యాహ్నం డబ్బా నిండా కలిపితే చేతిలోనే పొగలు కక్కుతుంది. పని పొద్దున్నే, మంచు తడి ఆరాక.

మూసిన కేబిన్‌లో రెజిన్ పని చేయొద్దు.

లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా పడేయొద్దు. వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో వేయండి.

పాత పెయింటు పొరల్లో సీసం ఉండొచ్చు. పొడి లేచేలా రుద్దొద్దు, మాస్క్ లేకుండా అసలొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

ఇనప మేకులు వద్దు. తుప్పు చుట్టూ చెక్కను నల్లగా తినేస్తుంది. ఇత్తడి స్క్రూలూ వద్దు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తెచ్చుకోండి.

వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. ఒకసారి రాస్తే ఆ చోట మళ్లీ పెయింటూ అంటదు, జిగురూ అంటదు.

సీలెంట్ పూసి స్క్రూలు ఒకేసారి కసిగా బిగించొద్దు, అంతా బయటికి వచ్చేస్తుంది. రెండు మిల్లీమీటర్ల పొర నిలవాలి. ఆరాక స్క్రూలు ఇంకో చుట్టు తిప్పండి.

ఇంటి కిటికీ అద్దం పెట్టొద్దు. పెట్టొద్దు. టఫెన్డ్ (వేడితో గట్టిపరిచినది) లేదా లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నది) తెప్పించండి. టఫెన్డ్ అయితే కొలత ముందే సరిచూసుకోండి, తర్వాత కోయడం కుదరదు.

అద్దం బదులు పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు పెడితే స్క్రూ కన్నం స్క్రూకన్నా పెద్దగా వేయండి, ఎండకు అది సాగుతుంది. థిన్నర్‌తో తుడవొద్దు.

"ఈ సంవత్సరానికి పుట్టీ పెట్టేద్దాం, వచ్చే ఏడు చూద్దాం" అన్న మేస్త్రిని పంపించేయండి. ఓనరే అంటే, తడి చెక్క మీద మూత వేయనని మేస్త్రే వెళ్లిపోవాలి. నిజంగా టైం లేకపోతే చివికిన చోటు గోకి తెరిచి ఉంచండి, పైన బరకం పట్టీ కొట్టండి, వర్షాకాలమంతా గట్టు దగ్గరే తిరగండి. పాత చెక్క తెరిచి ఉన్నా పర్లేదు. తడి మీద ఫైబర్ మాత్రం వద్దు.

పని పూర్తిచేసినవాళ్లు జూన్ 10న మళ్లీ ఒక మనిషిని టార్చితో లోపల కూర్చోబెట్టి, బయట పైపు పట్టండి, కింది నుంచి పైకి, పది పది నిమిషాలు. ఒక్క చుక్క లోపలికి వచ్చినా ఆ బోటు 15న కదలకూడదు. కొబ్బరికాయ కొట్టేసినా సరే.