ప్యాచ్‌లను యంత్రంతో పరీక్షించడం – 4వ పాఠం: ఫెయిలైన టెస్టు ఎవరి ఖాతాలోకి?

విశాఖపట్నం సిటీ బస్టాపుల పేర్లను తెలుగులో చూపించే మన అభ్యాస ప్రాజెక్టుకు ఎవరైనా ప్యాచ్ (కోడ్‌లో చేయాల్సిన మార్పులను రాసిన ఫైలు) పంపితే, దాన్ని ‘గిట్ యామ్’ (git am) ఆదేశంతో అతికించి, బిల్డ్ చేసి, టెస్టులు నడిపే స్క్రిప్టును గత పాఠంలో రాసుకున్నాం. ఒక్క టెస్టు ఫెయిలైనా ఆ స్క్రిప్టు ప్యాచ్‌నే తప్పుపడుతుంది. ఆ టెస్టు ప్యాచ్ రాకముందు నుంచీ ఫెయిలవుతూ ఉండవచ్చన్న సంగతి దానికి తెలియదు.

కాబట్టి ఇకపై టెస్టులను రెండుచోట్ల నడపాలి. ‘గిట్ వర్క్‌ట్రీ యాడ్’ (git worktree add) ఆదేశంతో రెండు వేర్వేరు డైరెక్టరీలు తయారుచేసి, ఒకదానిలో మూల కమిట్‌ను (ప్యాచ్ అతికించకముందు గిట్‌లో నమోదైన కోడ్‌ను) ఉన్నదున్నట్టు ఉంచి, రెండోదానిలో ప్యాచ్ అతికించి, రెండింటి ఫలితాలను టెస్టు పేరు వారీగా పోల్చాలి. ముందు పాసై ఇప్పుడు ఫెయిలైన టెస్టులను మాత్రమే ప్యాచ్ ఖాతాలో వేయాలి. మూల కమిట్ ఫలితాన్ని దాని హ్యాష్ (గిట్ ఆ కమిట్‌కు ఇచ్చే గుర్తింపు) పేరుతో దాచుకుంటే, అదే కమిట్‌పై వచ్చే తరువాతి ప్యాచ్‌కు మళ్ళీ నడపనక్కరలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. చిన్న తెరలో పట్టేందుకు ప్రతి పేరునూ మొదటి 8 యూనికోడ్ కోడ్‌పాయింట్ల (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా ఒక్కోదానికీ విడిగా ఉండే సంకేతాల) దగ్గర కోసే ప్యాచ్ వచ్చిందనుకోండి. ‘మద్దిలపాలెం’ కాస్తా ‘మద్దిలపా’ అవుతుంది. చదవడానికి ఇబ్బందేమీ లేదు, రాసినవారు ఇంతవరకే చూసి ఉంటారు. కానీ ‘విశాఖపట్నం’లో ఉన్న 10 కోడ్‌పాయింట్లలో ఎనిమిదవది ట కింది పొల్లు కావడంతో తెరపై ‘విశాఖపట్’ అని మిగులుతుంది. దీన్ని పట్టుకోవడానికి ‘పేరు పొల్లుతో ముగియకూడదు’ అని టెస్టు రాస్తే పొరపాటే, ఎందుకంటే ‘రైల్వే స్టేషన్’ న్యాయంగానే పొల్లుతో ముగుస్తుంది. కోత పడినచోట ఎడమవైపు పొల్లు, కుడివైపు హల్లు ఉంటే ఫెయిల్. కుడివైపు గుణింతపు గుర్తో, పొల్లో, సున్నానో ఉన్నా ఫెయిల్. మూలంలో పాసై, ప్యాచ్ తరువాత ఫెయిలయ్యే ఈ టెస్టును నిస్సందేహంగా ప్యాచ్ ఖాతాలోనే రాయవచ్చు.

అన్నీ ఇంత స్పష్టంగా ఉండవు. ‘ఈరోజు చివరి బస్సు’ను లెక్కించే టెస్టు, మన గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుండటం వల్ల, మనకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 వరకు యూటీసీలో నడిచే సర్వరుపై నిన్నటి తేదీనే చూపి ఫెయిలవుతుంది. పగలు చూస్తే పాసవుతుంది. అందుకే రెండుచోట్లా ఏ ప్రాంతపు సమయం వాడాలో చెప్పే ‘టీజెడ్’ (TZ) వేరియబుల్‌కు ఒకే విలువ ఇచ్చి, తేదీని టెస్టులోనే స్థిరపరచండి. అప్పటికీ ఫెయిలైన టెస్టులను రెండు డైరెక్టరీల్లోనూ మళ్ళీ నడిపి, ఒకే కోడ్‌పై ఒకసారి పాసై మరోసారి ఫెయిలైతే ‘నిలకడ లేనిది’ అని విడిగా నమోదు చేయండి.

ఇదంతా నెట్‌వర్క్ తీసేసిన కంటైనర్‌లో (మిగతా యంత్రం నుంచి వేరుచేసిన చోట), పాస్‌వర్డులూ కీలూ లేనిచోట మాత్రమే నడవాలి. ప్యాచ్ అంటే ముక్కూమొహం తెలియనివారి కోడ్, దాన్ని మన యంత్రంపై మనమే నడుపుతున్నాం.

అభ్యాసం: పై కోతను సరిదిద్దే ప్యాచ్ మీరే రాసి, ‘హనుమంతవాక’, ‘సింహాచలం’ పేర్లతోనూ పరీక్షించండి. మూల కమిట్ బిల్డే కాకపోతే మీ స్క్రిప్టు 125 ఎగ్జిట్ కోడ్‌తో (ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే అంకెతో) ముగియాలి. తప్పు ఏ కమిట్‌తో మొదలైందో వెతికే ‘గిట్ బైసెక్ట్ రన్’ (git bisect run) ఆ అంకెను చూసి ఆ కమిట్‌ను దాటవేస్తుంది. దానితో 5వ పాఠంలో పని ఉంది.