అరకు ఘాట్ ఎక్కే ముందు టైర్లలో గాలి: తీసుకోవలసిన జాగ్రత్తలు

కార్తీక మాసం వచ్చిందంటే సంక్రాంతి వెళ్లే వరకు విశాఖపట్నం నుంచి కార్లు అరకు దారి పడుతూనే ఉంటాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా వనభోజనాల సామాను సర్దుకొని, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తుకు వెళ్లే ఈ ప్రయాణానికి ముందు బ్రేకులు, ఇంజన్ ఆయిల్ చూపించుకొనేవారు కూడా టైర్లలో గాలిని దారిలో ఏదో ఒక బంకులో కొట్టించుకోవచ్చులే అని వదిలేస్తున్నారు. అసలు పొరపాటు అక్కడే జరుగుతోంది.

టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు కనీసం మూడు గంటలు నిలిపి ఉన్నాక చూసిన కొలతే నమ్మదగినది. ఎం.వి.పి. కాలనీలో బయలుదేరి పెందుర్తి చేరేసరికి టైరు వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి, గాలి కొలిచే గేజీ మూడు నాలుగు పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఎక్కువ చూపిస్తుంది. ఉండవలసినది 33 అనుకుంటే, అక్కడ 33 కనిపించిందని తృప్తిపడితే, నిజానికి 29 లేదా 30తోనే ఘాట్ ఎక్కుతున్నారన్న మాట. అందువల్ల సొంత గేజీ ఒకటి కొని ఇంట్లో ఉంచుకోవడం మంచిది. బయలుదేరే రోజు ఉదయం, కారు కదపకముందే, ప్రతి చక్రానికి ఎంత తక్కువ ఉందో కాగితం మీద రాసుకోవాలి. ఉదాహరణకు ఉండవలసినది 33, ఇంటి దగ్గర చూపినది 29 అయితే లోటు నాలుగు. బంకుకు వెళ్లేసరికి అదే టైరు 32 చూపిస్తే, 33 దగ్గర ఆపకుండా, 32కు ఆ నాలుగు కలిపి 36 వరకు కొట్టించాలి. వేడి మీద అంకె పెద్దదిగా కనిపించిందని గాలి తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద గాని, పెట్రోలు మూత లోపలివైపు గాని అంటించిన స్టిక్కరు చెబుతుంది. అందులో నిండు లోడుకు విడిగా అంకె ఇచ్చి ఉంటే, అరకు ప్రయాణానికి అదే పాటించాలి. సాధారణంగా వెనుక టైర్లకు ఎక్కువ అడుగుతుంది. టైరు పక్కన అచ్చువేసి ఉండే పెద్ద అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పరిమితి మాత్రమే, దాన్ని చూసి గాలి కొట్టించకూడదు. గాలి తక్కువైతే టైరు పక్కభాగాలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగి లోలోపల వేడెక్కుతాయి, బరువు మీద వేగంగా వెళ్తున్నప్పుడు పేలే ప్రమాదం ఉంటుంది. ఎక్కువైతే రోడ్డును తాకే భాగం తగ్గి, తడిసిన హెయిర్‌పిన్ మలుపుల్లో పట్టు జారుతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. బీచ్ రోడ్డు, భీమిలి పరిసరాల్లో ఎప్పుడూ ఆరుబయట నిలిపే కార్లకు ఉప్పుగాలి వల్ల స్టీలు రిమ్ముల అంచులు తుప్పు పట్టి, ట్యూబ్‌లెస్ టైరు సరిగా అతుక్కోక గాలి మెల్లగా కారిపోతుంది. మేకు ఏదీ కనబడకపోయినా వారం వారం ఒకే చక్రంలో గాలి తగ్గుతుంటే, సబ్బునీళ్లు రిమ్ము అంచు మీద, వాల్వు మీద పోసి బుడగలు వస్తాయేమో చూడాలి. వాల్వులకు మెరిసే లోహపు మూతలకంటే ప్లాస్టిక్ మూతలే ఇక్కడ మేలు, ఎందుకంటే లోహపువి తుప్పుతో బిగుసుకుపోయి, విప్పబోతే వాల్వే విరిగి వస్తుంది.

అరకులో రాత్రి బసచేసిన వారికి తెల్లవారి గేజీ చూస్తే కంగారు కలగవచ్చు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది, అయితే ఆ ఎత్తులో బయటి వాతావరణ పీడనం తక్కువ కనుక గేజీ దాదాపు అంతే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి నాలుగు టైర్లూ సమానంగా ఒకటి రెండు తగ్గితే చింతించనక్కరలేదు. ఒక్కటే విడిగా మూడు నాలుగు తగ్గితే అది లీకే. దాన్ని సరిచేయించకుండా దిగడం మంచిది కాదు, ఎందుకంటే దిగువకు వచ్చేటప్పుడు ముందు టైర్ల మీద బరువు పెరగడమే కాక, బ్రేకుల వేడి కూడా చక్రాలకు చేరుతుంది.

చివరగా, సామాను డిక్కీలో పెట్టకముందే స్టెప్నీలో గాలి చూసుకోవాలి. కొన్ని కార్లలో ఇచ్చే సన్నని తాత్కాలిక స్టెప్నీకి 60 పీఎస్ఐ అవసరం, గంటకు 80 కిలోమీటర్లు మించి దానితో వెళ్లకూడదు.