థైరాయిడ్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక్క లైను, వి600ఇ

గత పాఠంలో థైరాయిడ్ గడ్డ నుంచి సూదితో తీసిన కణాల పరీక్ష, అంటే ఎఫ్‌ఎన్‌ఏసీ రిపోర్టులో బెథెస్డా 1 నుంచి 6 దాకా ఏ అంకెకు ఏ అర్థమో చూశాం. అభ్యాసం చేసినవాళ్లలో చాలామంది 3 దగ్గర, అంటే కణాలు తేడాగా ఉన్నా క్యాన్సరో కాదో తేలని చోట, తడబడ్డారు. తప్పేం లేదు, డాక్టర్లు కూడా అక్కడే ఆగి ఆలోచిస్తారు. కణాలను చూసి ఇదమిత్థంగా తేల్చలేనప్పుడు జన్యు పరీక్ష రాయడం ఉంది. ఈ వారం ఆ రిపోర్టులో ఒక్క లైను చదువుదాం. నోట్‌బుక్కులో ఇలా రాసుకోండి:

బ్రాఫ్ వి600ఇ – డిటెక్టెడ్.

బ్రాఫ్ అనేది జన్యువు పేరు. అది తయారు చేయించే ప్రోటీన్‌కూ అదే పేరు. ఆ ప్రోటీన్ 766 అమైనో ఆమ్లాలు గుచ్చిన దండ అనుకోండి. 600 అంటే పూస నంబరు. అక్కడ ఉండాల్సింది వేలిన్, దాని గుర్తు వి. దాని చోట్లో వచ్చి కూర్చున్నది గ్లుటామిక్ ఆమ్లం, గుర్తు ఇ. డీఎన్‌ఏలో మారింది మాత్రం ఒకే అక్షరం: జీటీజీ కాస్తా జీఏజీ అయింది. ‘ఆపు’లో ఒక్క అక్షరం మారితే ‘ఊపు’ అయినట్టు.

ఇంత చిన్న మార్పుకు గడ్డ ఎందుకు పెరగాలి? బెజవాడ వాళ్లం కాబట్టి కాలువ లెక్కలో చెప్పుకుందాం. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువ కింద పొలాలకు నీళ్లు అందాలంటే కబురు అంచెలంచెలుగా రావాలి. చివరన లస్కరు షట్టరు ఎత్తుతాడు. చేలు తడిశాక ‘చాలు’ అన్న కబురు వెనక్కి వెళ్తుంది. థైరాయిడ్ కణంలోనూ ఇలాంటి వరసే ఉంది. ‘పెరుగు, రెండుగా చీలు’ అన్న కబురును కణం పైపొర మీది రిసెప్టర్ అందుకుంటుంది. అది రాస్ అనే ప్రోటీన్‌కు చెబుతుంది, రాస్ బ్రాఫ్‌కు, బ్రాఫ్ మెక్‌కు, మెక్ ఎర్క్‌కు. ఇవన్నీ ప్రోటీన్లే. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి పని మొదలుపెట్టిస్తుంది. పని సరిపోగానే ‘చాలు’ అని పైకి చెప్పేదీ ఎర్కే.

మామూలు బ్రాఫ్ రాస్ పిలిస్తేనే లేస్తుంది. అప్పుడు 600వ పూసకు పక్కనున్న పూసల మీద ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. ఆ ఫాస్ఫేట్‌కున్న రుణావేశమే స్విచ్. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం సొంతంగానే ఉంది! అందుకే ఎవరూ కబురు పంపకపోయినా ఈ బ్రాఫ్ ‘ఎత్తు, ఎత్తు’ అంటూనే ఉంటుంది. కింది నుంచి ‘చాలు’ అన్నా వినిపించుకోదు. నాకు ఈ పాఠం మొత్తంలో ముఖ్యమనిపించేది ఇదే, ఇంకోసారి చదవండి.

దీనివల్ల ఇంకో నష్టం ఉంది. ఎర్క్ అదేపనిగా పనిచేస్తుంటే అయోడిన్‌ను కణంలోకి లాగే పంపు తగ్గిపోతుంది. కొందరికి రేడియో అయోడిన్ మందు సరిగా పట్టకపోవడానికి ఇదొక కారణం.

లైను చూడగానే టెన్షన్ పడకండి. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది పాపిలరీ రకం. 2014లో వచ్చిన టీసీజీఏ (క్యాన్సర్ గడ్డల జన్యువులను పరిశీలించే ప్రాజెక్టు) అధ్యయనంలో దాదాపు 500 పాపిలరీ గడ్డలు చూస్తే, సుమారు 60 శాతంలో ఈ మార్పే ఉంది. అందులో ఎక్కువమంది చికిత్సతో బాగుపడేవాళ్లే. కళ్లు పెట్టాల్సింది పక్క లైను మీద. బ్రాఫ్‌తో పాటు టెర్ట్ అనే జన్యువు ప్రమోటర్‌లో, అంటే దాన్ని పనిలోకి దింపే స్విచ్ భాగంలో, మార్పు కూడా ఉంటే గడ్డ మొండిగా ప్రవర్తించే అవకాశం ఎక్కువ. టెర్ట్ క్రోమోజోముల కొసలు అరిగిపోకుండా కాపాడుతుంది కనుక కణం అలుపు లేకుండా చీలుతూ పోతుంది.

రాస్ జన్యువు మార్పులు ఫాలిక్యులర్ అనే ఇంకో రకం థైరాయిడ్ క్యాన్సర్‌లో ఎక్కువ. క్యాన్సర్ కాని గడ్డల్లోనూ కనిపిస్తాయి, కాబట్టి రాస్ ఒక్కదాన్ని పట్టుకుని క్యాన్సర్ అనకూడదు. రెట్ అనే జన్యువు కథ వేరు. రెట్ ముక్క తెగి మరో జన్యువుకు అతుక్కోవడం 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడి పిల్లల గడ్డల్లో బాగా కనిపించింది.

ఆ మధ్య సూర్యారావుపేటలో మా ల్యాబ్ కౌంటర్ దగ్గరికి ఉయ్యూరు నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో బ్రాఫ్ రిపోర్టు. “మేడమ్, ఇది మా పాపకీ వస్తుందా?” అని అడిగింది. వేరే ఏమీ అడగలేదు. కవరు అంచు నలుపుతూ నిలబడింది. కూర్చోబెట్టి చెప్పాను: “అమ్మా, ఈ మార్పు గడ్డలో పుట్టింది, మీరు పుట్టినప్పటిది కాదు. పాపకు మీ నుంచి వెళ్లదు.” ఆవిడ ఆ మాటను నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.

మెడుల్లరీ అనే మరో రకం థైరాయిడ్ క్యాన్సర్‌లో మాత్రం ఈ మాట అనలేం. అది థైరాయిడ్‌లోనే ఉండే సి కణాలనే వేరే రకం కణాల్లో పుడుతుంది. దాదాపు నాలుగో వంతు మందిలో రెట్ మార్పు పుట్టుకతోనే, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే జన్యువు పేరు కంటే ముందు శాంపిల్ ఎక్కడిదో చదవడం అలవాటు చేసుకోండి: గడ్డదా, రక్తమా?

అభ్యాసం. కింది మూడు లైన్లకూ మార్పు వరసలో ఏ అంచె దగ్గరుందో, అసలు ఆ వరసలో ఉందో లేదో రాయండి.

ఎన్‌రాస్ (రాస్‌లలో ఒకటి) క్యూ61ఆర్, గడ్డ శాంపిల్, బెథెస్డా 3.
బ్రాఫ్ వి600ఇ, టెర్ట్ సి228టి, గడ్డ శాంపిల్.
రెట్ సి634ఆర్, రక్తం శాంపిల్.

మూడో దానికి ఇంకొకటి కూడా: ఆ ఇంట్లో ఇంకెవరెవరిని పరీక్షకు రమ్మనాలో రాయండి. జవాబులు 5వ పాఠం మొదట్లో చూద్దాం.