చీకట్లో టచ్ స్విచ్ దొరకట్లేదా? బొట్టుబిళ్ల అంటించండి

హన్మకొండలో కొత్తగా కట్టే ఇళ్లలో ఇప్పుడు గ్లాసు టచ్ స్విచ్‌లు బాగా పెడుతున్నారు. చూడ్డానికి నున్నగా బాగుంటాయి గానీ, రాత్రి లేచి లైటు వేద్దామంటే ఫ్యాను ఆగిపోతుంది. పెద్దవాళ్లకైతే మరీ ఇబ్బంది, వేలికి ఏదీ తగలదు కదా.

మఖ్మల్ బొట్టుబిళ్లల్లో అన్నిటికన్నా చిన్న సైజు తీసుకోండి, చౌరస్తా దగ్గర ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతాయి. ముందు ఎంసీబీ (కరెంటు సరఫరా ఆపే స్విచ్) ఆపి, గ్లాసును పొడిబట్టతో జిడ్డు లేకుండా తుడవాలి. ఆపకుండా తుడిస్తే బట్ట తగిలి అన్నీ వెలిగి ఆరుతుంటాయి. తర్వాత టచ్ గుర్తుకు కింద, అర సెంటీమీటరు దూరంలో, లైటుకు ఒక బిళ్ల, ఫ్యానుకు రెండు. గుర్తు మీద మాత్రం వద్దు. అన్ని గదుల్లో ఇదే లెక్క పెట్టండి, లేకపోతే మళ్లీ తికమకే. మా అత్తమ్మ ఇప్పుడు కళ్లజోడు వెతక్కుండానే లైటు వేసుకుంటున్నారు.

వంటింట్లో ఆవిరికి, నూనెకు బిళ్లలు ఊడిపోతాయి. అక్కడ బిళ్లకు బదులు రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క పెట్టి బాగా ఆరనివ్వండి.

రాళ్ల బొట్లు, మెరుపు బొట్లు వాడొద్దు. వేలు తగిలితే వచ్చే చిన్న విద్యుత్ మార్పును బట్టే ఈ స్విచ్ పనిచేస్తుంది. అలాంటి బొట్లలో లోహపు రేకు ఉండొచ్చు, అది పక్కన ఉంటే స్విచ్ తనంతట తానే వెలగొచ్చు, లేదా తాకినా పలకకపోవచ్చు. తడిచేత్తో ముట్టుకున్నా ఇదే గోల, దానికి బొట్టుబిళ్ల ఏమీ చేయలేదు.