బాణానికి స్క్రూ పాయింటా, గ్లూ పాయింటా?

పిల్లలకి ఆర్చరీ సామాను కొనేటప్పుడు తల్లిదండ్రులు బో (విల్లు) గురించి వంద ప్రశ్నలు వేస్తారు. బాణం మొన గురించి ఒక్కటీ అడగరు. సెట్‌తో ఏది వస్తే అదే వాడేస్తారు. బాణం గాలిలో ఎలా వంగుతుంది, ఎటు పోతుంది, వచ్చే ఏడాది ఆ సెట్ పనికొస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ మొన దగ్గరే తేలిపోతుంది.

మాది విజయవాడ వన్‌టౌన్, బంగారం పని. మా అమ్మాయి రికర్వ్, అంటే కొసలు ముందుకి వంగిన విల్లు వేస్తుంది. దాని బాణాలన్నీ నా బల్ల మీదే తయారవుతాయి. గ్రౌండ్‌లో దాని స్నేహితులవి కూడా తెచ్చిస్తుంటారు. మన జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి మూడు స్వర్ణాలు తెచ్చింది. మన బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. వాళ్లని చూసి పిల్లల్ని చేర్పించేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఆ రెండూ ఏమిటో చూద్దాం. గ్లూ పాయింట్‌కి వెనక సన్నటి కాడ ఉంటుంది. ఆ కాడని కార్బన్ షాఫ్ట్ (బాణం గొట్టం) లోపలికి తోసి గ్లూతో అతికిస్తారు. స్క్రూ పాయింట్‌కి కాడ బదులు మర ఉంటుంది. షాఫ్ట్‌లో ముందుగా ఇన్సర్ట్ అనే లోపల మర ఉన్న చిన్న ముక్క అతికించి, పాయింట్‌ని దాంట్లోకి బిగిస్తారు. కావాలంటే చేత్తోనే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు.

నా లెక్క ఇది. పిల్ల ఇంకా ఎదుగుతుంటే స్క్రూ పాయింట్ కొనండి. ఎత్తూ, తాడు లాగే బలాన్ని చెప్పే పౌండ్లూ ఒకచోట నిలబడ్డాక గ్లూ పాయింట్‌కి వెళ్లండి.

ఎందుకంటే, షాఫ్ట్ మీద 500, 600, 800 అని రాసి ఉంటుంది. దాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ని పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే అది 500. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. ఇది కదలకుండా ఉన్న బాణం లెక్క. బో వదిలినప్పుడు తాడు వెనక నుంచి తోస్తుంది, ముందున్న మొన తన బరువుతో ఆపుతుంది, మధ్యలో షాఫ్ట్ వంగుతుంది. మొన ఎంత బరువైతే అంత ఎక్కువ వంగుతుంది. అంటే అదే షాఫ్ట్ 80 గ్రెయిన్ల (మొన బరువు కొలత) మొనతో గట్టిగా, 110 గ్రెయిన్ల మొనతో మెత్తగా నడుస్తుంది.

పన్నెండేళ్ల పిల్ల సంగతి చూడండి. ఏడాది తిరిగేసరికి చేతులు సాగుతాయి. కోచ్ లింబ్స్ (విల్లు రెక్కలు) మార్చి పౌండ్లు పెంచుతారు. నిన్నటిదాకా సరిగ్గా ఉన్న బాణం ఆ కొత్త బలానికి మెత్తనైపోతుంది. స్క్రూ పాయింట్ అయితే 100 గ్రెయిన్లది విప్పి 80 బిగిస్తే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. అతికించిన మొన అయితే కాచాలి, పీకాలి, మళ్లీ అతికించాలి. చాలామంది ఆ ఓపిక లేక కొత్త డజను కొనేస్తారు. కార్బన్ బాణాలు డజను అంటే మామూలు ఇంటికి చిన్న ఖర్చు కాదు.

మొన సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఈకలు లేని బాణం ఒకటి, రెండు ఉంచుకోవాలి. మామూలు బాణాలతో పాటు దాన్నీ దగ్గర దూరం నుంచి వేయించండి. కుడిచేతి వాటం రికర్వ్ ఆర్చర్‌కి ఈకలు లేని బాణం మిగతా గుంపుకి ఎడమవైపు పడితే బాణం గట్టిగా ఉన్నట్టు, కుడివైపు పడితే మెత్తగా ఉన్నట్టు. గట్టిగా ఉంటే మొన బరువు పెంచండి, మెత్తగా ఉంటే తగ్గించండి. ఎడమచేతి వాటమైతే దీనికి తిరగేసి చూసుకోవాలి. చక్రాలున్న కాంపౌండ్ విల్లులో రెస్ట్ (బాణం ఆనే చోటు), క్యామ్ (ఆ చక్రం) సెట్టింగ్ కూడా ఇందులో కలగజేసుకుంటాయి కాబట్టి అది కోచ్ పక్కన ఉన్నప్పుడే చేయండి. పిల్ల అలిసిపోయి ఉన్నప్పుడు ఈ పరీక్ష పెట్టకండి. చెయ్యి వణికితే బాణం అబద్ధం చెబుతుంది.

బరువు విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. 100 గ్రెయిన్ల మొన 6.48 గ్రాములు, 120 అయితే 7.78. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, ఒక్కొక్క మొననీ తూయండి. ఏ నగల కొట్టులో అడిగినా కాటా మీద పెట్టి చెబుతారు, ఎవరూ కాదనరు. తేడా అర గ్రెయిన్ లోపు, అంటే 30 మిల్లీల లోపు ఉన్నవాటిని ఒక సెట్‌గా పెట్టుకోండి. స్క్రూ పాయింట్ అయితే ఇన్సర్ట్ బరువు కూడా ముందు భాగానికే చేరుతుంది, అది కలిపి తూయండి. గ్లూ పాయింట్లలో కొన్నింటి కాడ మీద గాట్లు ఉంటాయి. ఒక్కో ముక్క విరిస్తే 10 గ్రెయిన్లు తగ్గుతుంది. విరవడం పటకారుతో ఒక్క క్షణం పని, అతికించడం మాత్రం కుదరదు. అందుకే ముందు విరవకుండా వేయించి, తర్వాత తగ్గించుకుంటూ రండి.

తూకం ఎక్కడ నిలుస్తోందో కూడా చూసుకోవాలి. నాక్ (బాణం వెనక తాడు పట్టే ముక్క) గాడి నుంచి షాఫ్ట్ చివరి దాకా కొలవండి, మొన కలపొద్దు. అది 28 అంగుళాలనుకుందాం. సగం 14. మొన, ఈకలు అన్నీ ఉన్న బాణాన్ని వేలి మీద నిలబెడితే నాక్ నుంచి 17.5 దగ్గర ఆగిందనుకోండి. తేడా 3.5. దాన్ని 28తో భాగిస్తే పన్నెండున్నర శాతం. బయట దూరాలకి 11 నుంచి 16 శాతం మధ్య ఉంటే మంచిది. కృష్ణ మీంచి సాయంత్రం గాలి తిరిగినప్పుడు 70 మీటర్ల దగ్గర ముందు బరువు చాలని బాణం ఎలా కొట్టుకుపోతుందో పిల్లలే చెబుతారు.

గ్లూ పాయింట్ అతికించేటప్పుడు జాగ్రత్త. మొననే కాచాలి, షాఫ్ట్‌కి మంట తగలకూడదు. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచేది రెజిన్. ఎక్కువ వేడి తగిలితే అది పాడవుతుంది, బాణం పైకి బాగానే కనిపిస్తూ లోపల బలం పోతుంది. మా బల్ల మీద బ్లో ల్యాంప్ ఉన్నా నేను దీనికి కొవ్వొత్తి సైజు మంటే వాడతాను. ముందు షాఫ్ట్ లోపల దూదిపుల్లతో స్పిరిట్ పెట్టి తుడిచి ఆరనివ్వాలి. మొనని పటకారుతో పట్టుకుని కాడని నెమ్మదిగా కాచి, హాట్‌మెల్ట్ (వేడికి కరిగే గ్లూ) కర్ర దాని మీద రుద్దితే పల్చగా పరుచుకోవాలి. వెంటనే తిప్పుతూ లోపలికి తోసి, పక్కలకి వచ్చిన గ్లూ తుడిచేసి, మొనని చల్లటి నీళ్లలో ముంచాలి. గ్లూ పొగలు కక్కితే వేడి ఎక్కువైనట్టే, ఆ మొనని చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టండి. తీయాల్సి వస్తే మరిగిన నీళ్లలో మొన వరకే అర నిమిషం ముంచి, తిప్పుతూ లాగండి. రాకపోతే మళ్లీ ముంచండి. ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికిస్తే మాత్రం తీయడం దాదాపు కుదరదు. నేర్చుకునే పిల్లల బాణాలకి దాని జోలికి వెళ్లకండి.

హాట్‌మెల్ట్‌కి ఒక బలహీనత ఉంది. ఫోమ్ బట్ (బాణాలు దిగే దిమ్మె) లోకి దిగిన బాణం రాపిడికి వేడెక్కుతుంది. వేసిన వెంటనే లాగితే మొన ఫోమ్‌లోనే ఉండిపోయి ఖాళీ షాఫ్ట్ చేతికొస్తుంది. కాసేపు ఆగి, ఒక చెయ్యి బట్ మీద ఆనించి, రెండో చేత్తో షాఫ్ట్‌ని టార్గెట్ కాగితానికి దగ్గరగా పట్టుకుని లాగాలి. వెనక ఎవరూ నిలబడకూడదు. మన ఎండల్లో మధ్యాహ్నం పూట బాణాల డబ్బా కారు డిక్కీలో వదిలేయొద్దు. మెత్తబడిన మొన ఎప్పుడు ఊడుతుందో తెలియదు.

స్క్రూ పాయింట్‌కి వేరే బెడద. ప్రతి దెబ్బకీ అది కాస్త కాస్త వదులవుతుంది. ప్రతి ఎండ్ (ఒక విడత బాణాలు) తర్వాత వేళ్లతో బిగించి చూడటం పిల్లలకి అలవాటు చేయండి. లాగేటప్పుడు షాఫ్ట్‌ని నాక్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పండి, మర బిగుస్తుంది. రెండో వైపు తిప్పితే మొన లోపలే విడిపోతుంది. మరకి కొంచెం తేనెమైనం రాస్తే త్వరగా వదులవదు.

చాలా సన్నటి షాఫ్ట్‌లలో మామూలు ఇన్సర్ట్ పట్టదు కాబట్టి వాటికి ఎక్కువగా గ్లూ పాయింటే గతి. లావు షాఫ్ట్‌లు ఇండోర్‌లో టార్గెట్ మీది స్కోరు గీతని తాకడానికి ఉపయోగం. పోటీలకి షాఫ్ట్ 9.3 మిల్లీమీటర్లు, మొన 9.4 దాటకూడదు. మొన, షాఫ్ట్ అంచులు కలిసిన చోట గోరుతో గీస్తే మెట్టు తగలకూడదు. మెట్టు ఉంటే లాగేటప్పుడు అక్కడే పట్టేస్తుంది.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో వెతికితే బ్లేడ్లున్న మొనలు కూడా వస్తాయి. అమెరికాలో జింకల్ని వేటాడేవాళ్లు వాడేవి అవి. కొన్నింటికి బ్లేడ్లు కదలకుండా ఉంటాయి, కొన్ని తగిలాక విచ్చుకుంటాయి. సాధారణంగా మర ఒకటే కాబట్టి మన బాణాలకీ ఎక్కేస్తాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. గ్రౌండ్‌లో అవి బట్‌ని చీల్చేస్తాయి, లాగేవాళ్ల చేతులు తెగుతాయి. పిల్లల చేతికి అవి రానివ్వకండి.

మొన ఏదైనా, బాణం స్టాండ్ చెక్కకి గానీ, ఇంకో బాణానికి గానీ తగిలితే అది మళ్లీ తాడు మీదికి ఎక్కేలోపు చూడాల్సినవి ఉన్నాయి. ఇన్సర్ట్ లోపలికి జరిగిందేమో పక్కన ఇంకో బాణం పెట్టి పొడవు పోల్చండి. మొన దగ్గర షాఫ్ట్ అంచుని వేలితో మెల్లగా తిప్పి చూడండి, పోగు లేస్తే గుచ్చుకుంటుంది. తర్వాత ముఖానికి దూరంగా పెట్టి రెండు చేతులతో కొంచెం వంచి, చుట్టూ తిప్పుతూ వినండి. చిటచిటమని శబ్దం వస్తే లోపల చీలినట్టే. చీలిన కార్బన్ బాణం తాడు వదిలిన క్షణంలో విరిగి బో పట్టుకున్న చేతిలోకి దిగొచ్చు. దాన్ని అక్కడికక్కడే రెండుగా విరిచి పారేయండి. మొన బాగుంటే వేడినీళ్లలో ముంచి తీసి, తూచి, అదే బరువున్న సెట్‌లో స్పేర్‌గా పెట్టుకోండి.